ఇంట్లోనే ఆయిలు, ప్లగ్గులు మార్చాక ఇంజిన్‌లో టక్‌టక్: ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మా కారు 2014లో కొన్నాము. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్టు కాకుండా చైను ఉన్న రకం. ఇప్పటికి 81 వేల కిలోమీటర్లు తిరిగింది. గత ఆదివారం ఇంటి ముందు గచ్చు మీదే నేను స్వయంగా ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చాను. ఆయిలు మార్చడం నాకు కొత్త కాదు, అది నాలుగోసారి. ప్లగ్గులు విప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

పని పూర్తయిన సాయంత్రం బండి స్టార్టు చేసి రెండు నిమిషాలు ఉంచి ఆపేశాను. అప్పుడు తేడా ఏమీ గమనించలేదు, లేదా వీధిలో వేరే చప్పుళ్ల వల్ల నాకు వినపడలేదు. మర్నాడు ఉదయం కంటోన్మెంటు వైపు వెళ్తుంటే బానెట్ లోపలి నుంచి టక్, టక్, టక్ అని ఒకే వరసలో శబ్దం వస్తోంది. బండి నిలిచి ఇంజిన్ స్లోలో తిరుగుతున్నప్పుడు స్పష్టంగా లెక్కపెట్టవచ్చు అనిపించేలా ఉంటుంది గాని, లెక్కపెట్టబోతే అందదు. రేసు ఇస్తే శబ్దం వేగం కూడా పెరుగుతుంది. ఇనుము మీద ఇనుము తగిలినంత గట్టిగా ఉండదు. తడిగుడ్డను దులిపినప్పుడు వచ్చే చిన్న చరుపు లాంటిది అందులో కలిసి ఉంటుంది. ఏసీ వేసి, నలుగురం కూర్చుని వంతెన ఎక్కుతున్నప్పుడు ఆ శబ్దం బాగా పెరుగుతోంది. ఇంజిన్ వేడెక్కాక కొంచెం తగ్గుతుంది గాని పోదు. ఆయిల్ లైటు వెలగడం లేదు, చెక్ ఇంజిన్ లైటు కూడా లేదు. స్లోలో మాత్రం స్టీరింగు దగ్గర ఇదివరకు లేని సన్నని వణుకు ఉంది.

పట్టణంలోని ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. నిమిషం సేపు విని, టైమింగ్ చైను సాగిపోయిందని, ఇంజిన్ ముందు భాగం అంతా విప్పాలని చెప్పారు. శనివారం వరకు బండి ఉన్న చోటే ఉన్నా నాకు ఇబ్బంది లేదు, మేము బస్సులో తిరగగలం. కానీ రెండు వారాలకోసారి, ఈసారి శనివారమే, మా నాన్నగారిని తగరపువలస మీదుగా విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆయన బస్సు ఎక్కలేరు. ఆదివారం వరకు నిశ్శబ్దంగా ఉన్న చైను నేను ప్లగ్గులు మార్చిన రోజే సాగిపోయిందంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. అలాగని వాళ్లు తప్పు చెప్పారనేంత జ్ఞానమూ నాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టి, ఏ వరసలో వెతకాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

నమస్కారమండీ. ముందు ఆయిలు సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మిగతా కారణాలు ఏవైనా రెండు రోజులు ఆగుతాయి గాని, ఆయిలు తక్కువైతే ఇంజిన్ అంతవరకు తట్టుకోదు.

బండిని సమతలంగా ఉన్న చోట నిలపండి. మీ ఇంటి గచ్చు వీధిలోకి వాలుగా ఉంటే ఆ చోటు పనికిరాదు. ఇంజిన్ ఆపి కనీసం పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. పై గుర్తుకు, కింది గుర్తుకు మధ్య ఉండాలి. పై గుర్తు దాటి ఉన్నా మంచిది కాదు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు ఆయిలులో తగిలి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది కాబట్టి వాల్వుల దగ్గర ఒత్తిడి సరిగా నిలవదు. ఆయిల్ లైటు వెలగడం లేదన్న ధైర్యం మీద ఉండిపోకండి. ఆ లైటు ఆయిలు మట్టాన్ని చూపదు, ఒత్తిడి చాలా కిందికి పడిపోయినప్పుడే వెలుగుతుంది. అది వెలిగేసరికి బేరింగులకు జరగవలసిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది.

రెండోది ఫిల్టరు. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కొక్కసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు పడి, ఏదో ఒక క్షణాన ఆయిలు మొత్తం బయటికి చిమ్ముతుంది. మీరు పారేయకపోయి ఉంటే పాత ఫిల్టరుకు రింగు ఉందో లేదో చూడండి. ఫిల్టరు చుట్టూ, డ్రైన్ బోల్టు దగ్గర తెల్ల కాగితంతో ఒత్తి చూడండి, తడి ఉంటే తెలిసిపోతుంది.

ఫిల్టరు లోపల ఆయిలు వెనక్కి జారిపోకుండా ఆపే ఒక రబ్బరు పొర ఉంటుంది. అది లేని, లేదా నాసిరకంగా ఉన్న ఫిల్టరు పడితే రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్టు చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వచ్చి, ఆయిలు పైకి చేరగానే ఆగిపోతుంది. మీ శబ్దం రోజంతా ఉంటోంది కాబట్టి అది కాదనుకుంటున్నాను. మీరు పోసిన ఆయిలు గ్రేడు ఏది, ఎన్ని లీటర్లు పోశారు అన్నది కూడా రాయండి.

సమాధానం (పాలకొండ నుంచి)

నా అనుభవం చెబుతాను. నా పాత బండిలో కూడా ఆయిలు మార్చిన తర్వాత ఇలాగే టాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) శబ్దం మొదలైంది. మెకానిక్కు సలహా మీద చిక్కటి ఆయిలు, అంటే 20డబ్ల్యూ-50 పోయించాను. శబ్దం దాదాపు పోయింది, ఆ తర్వాత రెండేళ్లు నడిపి అమ్మాను. మన ఎండలకు పలచటి ఆయిలు నిలవదని నా అభిప్రాయం. మీరు కూడా ఇంజిన్ విప్పే ముందు ఒకసారి ఆ ప్రయత్నం చేసి చూడవచ్చు, ఖర్చు తక్కువ.

సమాధానం (సాలూరు నుంచి)

బాబూ, నేను సాలూరులో లారీల పని ముప్పై ఏళ్లు చేశాను. మా ఊరికి లారీల వల్లనే పేరు వచ్చింది, మా చెవులకు నేర్పూ లారీల వల్లనే వచ్చింది. కారు ఇంజిన్ చిన్నది, పెట్రోలుది. కానీ శబ్దం పట్టుకునే పద్ధతి రెండింటికీ ఒకటే.

ముందుగా పాలకొండ వారికి గౌరవంగా ఒక మాట. చిక్కటి ఆయిలుతో శబ్దం తగ్గడం నిజమే, నేనూ చూశాను. అరిగిన చోట సందు ఎక్కువై ఉంటే చిక్కటి ఆయిలు ఆ సందును నింపి చప్పుడును మింగుతుంది. సందు అలాగే ఉంటుంది. వీరి ఇంజిన్‌లో ఆయిలు దారులు సన్నగా ఉంటాయి, చైనును బిగించి పట్టే టెన్షనరు కూడా ఆయిలు ఒత్తిడి మీదే పనిచేస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో చిక్కటి ఆయిలు పైకి చేరడం ఆలస్యం అవుతుంది. పైగా కారణం తెలియకముందే శబ్దాన్ని అణచివేస్తే వెతకడానికి మనకు ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. అందుచేత కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిలే ఉంచి వెతకండి.

ఇప్పుడు శబ్దం సంగతి. మీరు లెక్కపెట్టబోతే అందదు అన్నారు. అందేలా చేసుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక స్లోలో ఉంచి, బానెట్ తెరిచి, ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి. దానిని పావు వేగంతో తిరిగి పెట్టుకుని వినండి. మీ ఇంజిన్ స్లోలో నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. కింద క్రాంకు ఒక్కో చుట్టుకు ఒక్కో దెబ్బ వేస్తుంటే, పావు వేగంలో నిమిషానికి 200 దెబ్బలు వినపడాలి. పైన వాల్వులు నడిపే క్యామ్ షాఫ్టు క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్కో సిలిండరు మండడం కూడా క్రాంకు రెండు చుట్లకు ఒకసారే. కాబట్టి శబ్దం ఒక వాల్వుదో, ఒక సిలిండరు మంటదో అయితే పావు వేగంలో నిమిషానికి 100 దెబ్బలే వస్తాయి. ఈ లెక్క ఒక్కటి తేలితే సగం ఇంజిన్‌ను పక్కన పెట్టేయవచ్చు.

తర్వాత, తాపీ మేస్త్రీలు నీళ్ల మట్టం చూసే లెవెల్ పైపు ముక్క ఒక మీటరు తీసుకోండి. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను ఇంజిన్ మీద అక్కడక్కడా తిప్పండి. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి వినే పద్ధతి కూడా ఉంది, దానితో లోహం లోపలి దెబ్బ బాగా తెలుస్తుంది. గాలి లేదా పొగ ఎక్కడి నుంచైనా తన్నుకు వస్తుంటే మాత్రం పైపే చెబుతుంది. చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, గొలుసు ఏవీ వేలాడకూడదు. బెల్టుకు దూరంగా ఉండండి. రేడియేటరు ఫ్యాను తనంతట తానే ఎప్పుడైనా తిరగడం మొదలుపెడుతుంది, అది గుర్తుంచుకోండి.

ఇంకొకటి అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పండి. ప్లగ్గులు ఎంత బిగువుగా బిగించారు, దేనితో బిగించారు? మీరు చెయ్యి పెట్టిన చోట్లు నాలుగు. శబ్దం వచ్చింది మీరు చెయ్యి పెట్టిన మర్నాడు. మీరు ముట్టుకోని చైను దగ్గరికి పోయే ముందు ఆ నాలుగు చోట్లకే వెనక్కి నడవాలి.

ప్రశ్న వేసినవారి జవాబు (విజయనగరం నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. అడిగినవన్నీ చేసి రాస్తున్నాను.

ఆయిలు 5డబ్ల్యూ-30, మాన్యువల్లో ఉన్న గ్రేడే. పక్కవీధిలో సమంగా ఉన్న చోట బండి నిలిపి చూస్తే మట్టం పై గుర్తుకు కొద్దిగా కింద ఉంది. పాత ఫిల్టరు ఇంకా కవరులోనే ఉంది, దాని రింగు దానికే ఉంది. డ్రైన్ బోల్టు దగ్గర, కొత్త ఫిల్టరు దగ్గర కాగితానికి తడి అంటలేదు.

వీడియోను పావు వేగంతో పెట్టి, అర నిమిషం చొప్పున మూడుసార్లు లెక్కపెట్టాను. 51, 51, 50 వచ్చాయి. అంటే నిమిషానికి సుమారు 102, అసలు వేగంలో నిమిషానికి 400 పైచిలుకు. అప్పుడు మీటరు ముల్లు 800 దాటి వెంట్రుకవాసి పైన ఉంది. కాబట్టి పెద్దవారు చెప్పిన ప్రకారం క్రాంకు రెండు చుట్లకు ఒక దెబ్బ. ఈ అంకె చూసిన తర్వాత నాకు మొదటిసారి కొంచెం ధైర్యం కలిగింది.

లెవెల్ పైపు మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర దొరికింది. చైను కవరు దగ్గర పెడితే మామూలు గరగర తప్ప ఆ దెబ్బ విడిగా వినపడలేదు. పైన ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్ల వరస మీద ఒక్కొక్క దాని దగ్గరా పెట్టి చూశాను. చైను వైపు నుంచి రెండో కాయిల్ దగ్గరకు రాగానే చెవిలో ఎవరో పదే పదే ఊదినట్టు, ప్రతి దెబ్బతోనూ గాలి తగిలినట్టు అనిపించింది. మిగతా మూడింటి దగ్గర అలా లేదు.

ప్లగ్గులను టార్క్ రెంచితో, అంటే బిగువును కొలిచే పానాతో, బిగించలేదు. నా దగ్గర అది లేదు. రాట్చెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్, ప్లగ్గు సాకెట్‌తో చేతి అంచనా మీద బిగించాను. ఎక్కువ బిగిస్తే అల్యూమినియం మరలు పాడవుతాయని చదివి భయపడ్డాను, బహుశా తక్కువ బిగించి ఉంటాను. అయినా ఇది వాల్వు శబ్దం కాదని ఎలా నిర్ధారించుకోవాలి? వాల్వు కూడా రెండు చుట్లకు ఒకసారే కదా.

సమాధానం (బొబ్బిలి నుంచి)

మీ సందేహం సరైనదే, దెబ్బల లెక్క వాల్వును, ప్లగ్గును వేరు చేయలేదు. వాటిని వేరు చేసేది బరువు. వాల్వు సందు పెరిగి వచ్చే శబ్దం ఇంజిన్ వేగంతో పెరుగుతుంది గాని, ఖాళీగా రేసు ఇచ్చినా, నలుగురిని ఎక్కించుకుని వంతెన ఎక్కినా ఒకే వేగం దగ్గర దాదాపు ఒకేలా ఉంటుంది. సిలిండరు లోపలి ఒత్తిడి ప్లగ్గు పక్క నుంచి తప్పించుకుంటే మాత్రం, ఇంజిన్ ఎంత బరువు లాగుతుంటే శబ్దం అంత పెరుగుతుంది. లోపల మండే ఒత్తిడే బయటికి తన్నుకొస్తోంది కదా. మీరు మొదటి ప్రశ్నలోనే వంతెన దగ్గర బాగా పెరుగుతోందని రాశారు, తడిగుడ్డ చరుపు లాంటిదని కూడా రాశారు. చైను సాగితే ఇంత శుభ్రమైన ఒంటి దెబ్బ రాదు, ఇంజిన్ ముందు వైపున గీసుకుంటున్నట్టు, గొలుసు డబ్బాలో కదిలినట్టు ఉంటుంది. అది ముఖ్యంగా చల్లటి స్టార్టింగులో తెలుస్తుంది.

ఒక్కొక్క కాయిల్ తీసి శబ్దం తగ్గుతుందా అని పరీక్షించమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. మంట లేకపోయినా పెట్రోలు పడుతూనే ఉంటుంది, అది మండకుండా సైలెన్సర్ గొట్టం దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దానిని కాల్చేస్తుంది. అవసరమైతే ఆ సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కనెక్టరు తీసి కొన్ని సెకన్లు వినవచ్చు. మీ విషయంలో అదీ అవసరం లేదు, చూస్తేనే తెలుస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉన్న అల్యూమినియం హెడ్డులో (సిలిండర్ల పైభాగంలో) ప్లగ్గు విప్పితే మరలు ఊడివచ్చే ప్రమాదం ఉంది. రెండో కాయిల్ తీసి, దాని కింది రబ్బరు గొట్టం కొసను, లోపల ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటను లైటు వేసి చూడండి. ఆరు పలకల ఇనుప భాగం చుట్టూ, గుంట గోడల మీద మసి, లేదా పొగ చారలు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంది. తెల్లటి పింగాణీ మీద, ఇనుప అంచుకు కాస్త పైన లేత గోధుమరంగు ఉంగరం లాంటి మరక కనిపిస్తే దానిని చూసి కంగారు పడకండి. అధిక వోల్టేజీ వల్ల గాలిలోని ఆయిలు తుంపరలు అంటుకుని ఏర్పడే మరక అది, బాగా పనిచేసే ప్లగ్గుల మీద కూడా వస్తుంది. మసి వేరు, ఆ మరక వేరు.

గుంటలో మట్టి, ఆకులు ఉంటే ప్లగ్గు కదల్చక ముందే గాలితో ఊదేయాలి, లేకపోతే అవి సిలిండరులో పడతాయి.

సమాధానం (సాలూరు నుంచి)

బొబ్బిలి వారు చక్కగా చెప్పారు. నేను రెండు మాటలు కలుపుతాను.

ఆ ప్లగ్గు వదులుగా ఉంటే బండి ఇక నడపవద్దు బాబూ, కంటోన్మెంటు వరకు కూడా వద్దు. ప్లగ్గు కొస మీద పడే వేడి మరల ద్వారా, వాషరు ద్వారా హెడ్డులోకి దిగిపోతుంది, అలా దిగితేనే అది బతుకుతుంది. వదులుగా ఉన్న ప్లగ్గుకు ఆ దారి తెగుతుంది. కొస ఎర్రగా కాలి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటించడం మొదలుపెడితే పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. మరలు తిని, ప్లగ్గు తుపాకీ గుండులా పైకి లేచిన బండ్లు కూడా మా షెడ్డుకు వచ్చాయి.

బిగించే కొలత మరల మందాన్ని బట్టి ఉంటుంది. వాషరు ఉన్న ప్లగ్గుకు, అల్యూమినియం హెడ్డులో, 14 మిల్లీమీటర్ల మరలైతే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 అయితే 15 నుంచి 20, 10 అయితే 10 నుంచి 12. మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచి దొరక్కపోతే ప్లగ్గు పెట్టె మీద సాధారణంగా బొమ్మ వేసి ఉంటుంది, చూడండి. 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గును చేత్తో తిప్పి, వాషరు హెడ్డుకు ఆనాక, పానాతో అర చుట్టు నుంచి చుట్టులో మూడింట రెండు వంతుల వరకు తిప్పాలి. ఆ తిప్పుడులోనే వాషరు నలిగి సందు లేకుండా అతుక్కుంటుంది. ఒకసారి నలిగిన వాషరుతో అదే ప్లగ్గు మళ్లీ బిగిస్తే, ఆనిన తర్వాత గడియారంలో ఒక గంట జరిగినంత తిప్పితే చాలు, అంటే పన్నెండో వంతు. వాషరే లేకుండా ఏటవాలు అంచు ఉన్న ప్లగ్గులకు ఈ లెక్క వర్తించదు. మరలకు గ్రీజు గాని, ఆయిలు గాని పూయవద్దు, జారుడు వల్ల చేతికి తెలియకుండా ఎక్కువ బిగుస్తుంది.

మొదలు మాత్రం తప్పనిసరిగా వేళ్లతోనే. సాకెట్, ఎక్స్‌టెన్షన్ పట్టుకుని ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పితే ఒకచోట మర దిగినట్టు టిక్కుమంటుంది. అక్కడి నుంచి కుడివైపు తిప్పాలి. వంకరగా ఎక్కిన మర మొదటి రెండు చుట్లలోనే బిగువు చూపిస్తుంది, అప్పుడు బలం పెట్టకుండా వెనక్కి తీసేయాలి.

ప్రశ్న వేసినవారి జవాబు (విజయనగరం నుంచి)

రాత్రంతా చల్లారనిచ్చి, ఈ ఉదయం విప్పాను. జరిగినది జరిగినట్టు రాస్తాను, నాలాంటి వారికి ఉపయోగపడవచ్చు.

రెండో కాయిల్ పైకి లాగగానే కాలిన పెట్రోలు వాసన వచ్చింది. రబ్బరు గొట్టం కొస మిగతా మూడింటిలా మెరవకుండా బూడిద నలుపులో ఉంది, గోటితో గీకితే గీత పడింది. లైటు వేసి చూస్తే ప్లగ్గు ఆరు పలకల్లో రెండు పలకల వైపు మాత్రం మసి, ఆ వైపున గుంట గోడ మీద వేలెడు పొడవున పొగ చార. సాకెట్ దించి, రాట్చెట్ తగిలించకుండా ఎక్స్‌టెన్షన్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాను. ప్లగ్గు తిరిగింది. ఏ బలమూ అక్కర్లేదు, సీసా మూత తిరిగినట్టు తిరిగింది. బయటికి తీసి పక్క ప్లగ్గుతో పోల్చితే, దాని వాషరు నలగనే లేదు, గుండ్రంగా పొంగి కొత్తదానిలాగే ఉంది.

ఎందుకు జరిగిందో కూడా గుర్తుకు వచ్చింది. ఆ రోజు రెండో ప్లగ్గును వేళ్లతో దించిన తర్వాత ఎక్స్‌టెన్షన్ పైకి లాగితే, లోపలి రబ్బరు ప్లగ్గును పట్టుకుని ఉండడంతో సాకెట్ గుంటలోనే ఉండిపోయి, ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చేతికి వచ్చింది. అయస్కాంతం తెచ్చి సాకెట్ పైకి తీయడానికి పావుగంట పట్టింది. అది బయటపడిన ఊరటలో, దానిని ఇంకా బిగించలేదన్న సంగతే మరిచి మూడోదానికి వెళ్లిపోయాను. మిగతా మూడూ తనిఖీ చేశాను, బిగువుగానే ఉన్నాయి.

ఆ ప్లగ్గు కొస పింగాణీ మిగతావాటి కంటే తెల్లగా పాలిపోయి ఉంది. కరగడం, పొక్కులు లేవడం వంటివి లేవు. అయినా దానిని మళ్లీ వాడడానికి మనసు రాక, అదే నంబరు కొత్త ప్లగ్గు తెచ్చాను. టార్క్ రెంచి మా వీధిలో ఒక మెకానిక్కు దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మా మాన్యువల్లోని అంకె మీద బిగించాను. రెంచి టక్కుమన్నప్పుడు నా చెయ్యి ఆశ్చర్యపోయింది, నేను అంచనాగా ఆపేసే చోటు కంటే అది బాగా తర్వాత వచ్చింది.

స్టార్టు చేశాను. శబ్దం లేదు, స్టీరింగు వణుకు లేదు. మా నాన్నగారు అరుగు మీద కూర్చుని వింటున్నారు, ఇప్పుడు బండి మునుపటిలా ఉందన్నారు. నెల్లిమర్ల వరకు వెళ్లి వచ్చాను, వంతెన మీద కూడా నిశ్శబ్దంగానే ఉంది.

పనిలో పనిగా నేను ముట్టుకున్న మిగతా చోట్లు కూడా చూశాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా వెనక వైపు క్లిప్పు ఒకటి పడలేదు. మూత అక్కడ సన్నగా తెరుచుకుని, ఫిల్టరును దాటి దుమ్ము లోపలికి పోయే సందు ఉంది. ఇంకొన్ని నెలలు గమనించకపోతే ఆ దుమ్ము సిలిండర్ల గోడలను గీకేసేది. దానినీ సరిచేశాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. కాలిన రబ్బరు గొట్టం ఉన్న ఆ కాయిల్‌నే వాడుతున్నాను. మార్చాలా? శనివారం ప్రయాణానికి అభ్యంతరం ఉందా?

సమాధానం (బొబ్బిలి నుంచి)

చాలా సంతోషమండీ. రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చి ఉంటే స్పార్కు పక్కకు దూకి మిస్సింగ్ వస్తుంది. అది ముఖ్యంగా వాన రోజుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రబ్బరును కొంచెం వంచి చూడండి. మసి మాత్రమే ఉండి, గుడ్డతో తుడిస్తే పోయి, మెత్తగా వంగితే అలాగే ఉంచవచ్చు. వంచినప్పుడు సన్నని గీతలు తెరుచుకుంటే మార్చండి. చాలా కాయిళ్లకు ఆ రబ్బరు గొట్టం విడిగా కూడా దొరుకుతుంది, మొత్తం కాయిల్ కొనే ముందు అడిగి చూడండి.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

శనివారం బయలుదేరే ముందు ఆయిలు మట్టం మరొకసారి చూడండి. మార్చిన తర్వాత మొదటి వంద కిలోమీటర్లలోపు ఒకసారి చూడడం నాకు అలవాటు. డ్రైన్ బోల్టు వాషరు కొత్తది వేశారా? పాతదే వేసి ఉంటే చెమ్మ పట్టడం అప్పటికి తెలుస్తుంది.

సమాధానం (సాలూరు నుంచి)

ప్రయాణానికి అభ్యంతరం లేదు బాబూ, నాన్నగారిని నిశ్చింతగా తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక, ఆదివారం ఉదయం చల్లటి ఇంజిన్ మీద ఆ రెండో కాయిల్ ఒక్కసారి తీసి గుంటలో కొత్తగా మసి పట్టిందేమో చూడండి. పాత చారను ఇవాళే తడిగుడ్డతో తుడిచి పెట్టుకోండి, లేకపోతే పాతదో కొత్తదో తెలియదు. మసి లేకపోతే మళ్లీ రెంచి పెట్టి ఇంకొంచెం బిగిద్దామని అనుకోవద్దు, అలాగే వదిలేయండి.